పళ్ళగొర్రు తోలిన మాట

ఫిలోమినాది సినిమాల్లో అమ్మల గొంతు. ఆ గొంతు ఊరందరికీ తెలుసు. మొహం మధురానగర్ కూరగాయల బండివాడికీ, చర్చిలో వెనక వరసవాళ్ళకీ తప్ప తెలియదు. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చి, ఎవరెవరి పెదాలకో ఏడుపులూ దీవెనలూ అరువిచ్చి బతికిన మనిషి. థైరాయిడ్ ఆపరేషనయ్యాక ఆ గొంతు పైస్థాయిలో చీలడం మొదలుపెట్టింది. పిలుపులు ఆగాయి.

ఆమె మాత్రం ఆగలేదు. డాబా మీద బట్టలారేస్తూ పాత డైలాగులే చెప్పుకొనేది. కింది వాటాలో కాశీవిశ్వనాథంగారని రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. మాటొకటి దొరికితే దాని ముత్తాత దాకా పోనిదే వదలరు.

"ఏంటమ్మా రోజూ ఆ గొణుగుడు?"

"రిహార్సలండీ."

"ఆ మాట పుట్టింది పొలంలో, తెలుసా? పాతకాలం ఫ్రెంచివాళ్ళు పళ్ళగొర్రుని 'ఎర్స్' అనేవారు. దున్నిన చోటే మళ్ళీ గొర్రు తోలి గడ్డలు చిదపడమే రిహార్సల్. ఇంకా వెనక్కిపోతే ఇటలీలో అది తోడేలు పేరంటారు, ఆ పళ్ళు చూసి. శవపేటిక పైన కొవ్వొత్తులు గుచ్చి నిలిపే పళ్ళచట్రానికీ అదే పేరు. అదే పోయిపోయి మీ చర్చివాళ్ళు శవాన్ని తీసుకెళ్ళే హర్స్ బండి అయింది."

"అయితే గొర్రు మానేసినవాళ్ళు ఎక్కేది ఆ బండేనన్నమాట."

మాస్టారు నవ్వబోయి దగ్గారు.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఓ డబ్బింగ్ థియేటర్ నుంచి కబురొచ్చింది. ఒక్క సీనుతో పరీక్ష. నెగ్గితే సినిమా మొత్తం ఆమెదే. తప్పితే ఇక ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెర మీద ఓ తల్లి, నేరం చేసిన కొడుకుని పోలీసులకి అప్పగిస్తోంది. "వీడు నా కొడుకే. తీసుకుపొండి." చివరి మాట దగ్గర గొంతు చీలింది.

"పర్లేదాంటీ, ఆ ముక్క విడిగా తీసి అతికిద్దాం," అన్నాడు అద్దం అవతల నుంచి కుర్ర డైరెక్టర్ సిద్ధార్థ.

"వద్దు బాబూ. మైకు ఆపించు. రిహార్సల్ చేసుకుంటా."

"రిహార్సల్ చేస్తే ఫీల్ పోద్దాంటీ."

"పోయేది పోనీ నాయనా. మిగిలేదేంటో చూద్దాం."

"వెనక బుకింగ్ ఉంది సార్, జర జల్ది చెయ్యమనుండ్రి," అని గొణిగింది సౌండ్ ఇంజనీర్ హిమజ.

ఫిలోమినా విననట్టే తెర వైపు తిరిగింది. అదే మాట, మళ్ళీ అదే మాట. గడ్డ ఎక్కడుందో చివరికి దొరికింది: "నా కొడుకే" దగ్గర. ఊపిరంతా అక్కడే ధారపోస్తోంది, తర్వాతి మాటకి మిగలడం లేదు. అక్కడ బిగపట్టింది. చివరి మాటని పైకెత్తకుండా, తనలో తాను అనుకున్నట్టు కిందికి దించింది.

"ఇప్పుడు తియ్యమ్మా," అంది.

టేక్ అయింది.

"పరీక్షకి పిలిచిన రెండో ఆర్టిస్టుని రావద్దని చెప్పెయ్," అన్నాడు సిద్ధార్థ హిమజతో. తర్వాత సంకోచిస్తూ ఇటు తిరిగాడు. "క్లైమాక్స్‌లో పెద్ద అరుపుందాంటీ. గొంతు నిలుస్తుందా?"

"తెలీదు బాబూ. ఆ సీను కాగితం ఇవాళే ఇప్పించు."