ఎలీసమ్మగారి ఎదురుప్రశ్న

ఆస్పత్రి హెడ్ సిస్టర్ ఎలీసమ్మగారిని ఎవరేమడిగినా ముందు "ఎందుకడుగుతున్నారండీ?" అంటారు. జవాబు ఆ తర్వాత సంగతి. ఒక్కోసారి ఆ తర్వాతంటూ ఏమీ ఉండదు.

పెళ్ళిలో పాస్టరుగారు "ఈ సాలమోనును భర్తగా అంగీకరిస్తున్నావా అమ్మా?" అంటే కూడా అదే మాటన్నారట. పాపం, ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వివాహమంటే ఏమిటో మొదట్నుంచీ మళ్ళీ చెప్పవలసివచ్చింది. వంటవాళ్ళు పులుసు రెండోసారి వెచ్చబెట్టారు. సఖినేటిపల్లి రేవులో టికెట్ల అబ్బాయి "నరసాపురమేనాండీ?" అన్నా అంతే. ఏరు దాటించే ఆ పంటు నరసాపురం తప్ప ఇంకెక్కడికీ పోదు. ఆవిడ ఆరా తీస్తుండగానే అది అవతలి ఒడ్డు చేరింది.

అలాంటావిడ దగ్గర ఆయాగా చెయ్యడమంటే సత్తెమ్మకి కత్తిమీద సామే. అందులోనూ ఇప్పుడు. కిందటి నెల బల్ల తుడుస్తుంటే చెయ్యి తగిలి బీపీ మిషను కిందపడింది. గాజుగొట్టం పగిలింది. ముక్కలేరుతుంటే వేలు తెగింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, నెలాఖరుకి పొడిగించాలి. సంగతి బయటపడితే ఇక పొడిగించినట్టే! డాక్టరు ధర్మరాజుగారేమో రోజూ కూపీ లాగుతున్నారు.

వేలికేమైందని ఎలీసమ్మగారడిగితే, చేప కోస్తుంటే తెగిందంది సత్తెమ్మ. ఆవిడ ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని "నీచువాసన లేదేమే?" అన్నారు. అంటూనే కడిగి కట్టుకట్టారు. అప్పట్నుంచి సత్తెమ్మకి కంటిమీద కునుకు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లో కాకినాడ నుంచి దుర్గాశ్రీ అనే అమ్మాయి దిగింది. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు తమకెంత అధికారం ఉందనుకుంటున్నారో కొలుస్తుందట. ఒకటంటే బొత్తిగా లేదని, ఐదంటే బోలెడుందని.

జ్వరం చూసినట్టు అధికారం చూడడమేమిటని ఆస్పత్రంతా అనుమానపడింది. ఐదంటే బదిలీ చేస్తారు, ఒకటంటే తీసేస్తారు అని తేల్చేసి, వాచ్‌మన్ తాతబ్బాయి టీకని పోయి ఆ పూట మరి రాలేదు. ఎలీసమ్మగారైతే ఆ పిల్లని బోలెడు ఎదురుప్రశ్నలు వేసి, చివరికి "నాకే అధికారమూ లేదండి, ఒకటేసుకోండి" అన్నారు. ఆ మాటంటూనే, వార్డులోకి వస్తున్న డాక్టరుగారిని చేతులు కడుక్కురమ్మని వెనక్కి పంపారు.

సత్తెమ్మ వంతు వచ్చేసరికి ఎలీసమ్మగారు స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. నన్ను పట్టించడానికే అనుకుంది సత్తెమ్మ.

"ఇక్కడేదైనా పొరపాటు జరిగితే, భయపడకుండా పైవాళ్ళతో చెప్పగలరా అమ్మా? ఒకటా, ఐదా, మధ్యలోదా?" అంది దుర్గాశ్రీ.

సత్తెమ్మ వేలు కొంగులో దాచుకుంది.

"ఎందుకడుగుతున్నారండీ?" అని గుమ్మంలోంచి వినబడింది.

పేర్లు రాసుకోనని దుర్గాశ్రీ సర్దిచెప్పింది.

"ఆయా అని రాస్తారు కదండీ. ఇక్కడున్నది ఒక్క ఆయాయే."

దుర్గాశ్రీ నవ్వేసి, కాగితంమీద ఆయా అన్న మాట కొట్టేసింది.

అంతలో డాక్టరుగారు తల లోపలికి పెట్టి, "ఎలీసమ్మగారూ, ఆ మిషను ఎవరు పగలగొట్టేరో ఇంతకీ తెలిసిందాండీ?" అన్నారు.

"ఎందుకడుగుతున్నారండీ?"

"తెలిస్తే పైకి రాద్దామని."

"రాస్తే అతుక్కుంటుందాండీ?"

డాక్టరుగారు నిట్టూర్చారు. "నెల్లాళ్ళనుంచీ అడుగుతున్నానండీ. నేనడిగినదానికంటే మీరడిగిందే ఎక్కువ. కొత్తది వచ్చిందిలెండి, వదిలేద్దాం." అని వెళ్ళిపోయారు.

అబద్ధమాడడం ఎలీసమ్మగారికి చేతకాదు. ప్రశ్నడగడం పాపమని మాత్రం బైబిల్లో ఎక్కడా లేదు.

ఆవిడ ఇటు తిరక్కుండానే, "వేలు మానిందా? గాజుముక్కేమీ లోపల ఉండిపోలేదు కదా?" అన్నారు.

చేపలో గాజెక్కడిది? సత్తెమ్మకి అప్పుడర్థమైంది. కట్టుకట్టిన రోజునే ఆవిడకంతా తెలుసు. "ఆయ్, మానిందండి" అంది.

దుర్గాశ్రీ పెన్ను పట్టుకుని చూస్తోంది. "ఎంత వెయ్యమంటారమ్మా?"

"ఐదేసుకోండి," అంది సత్తెమ్మ. "మా సిస్టరమ్మగారు డ్యూటీలో ఉన్నప్పుడండి."

"ఆవిడ లేనప్పుడో?"

గుమ్మంలోంచీ, బల్ల దగ్గర సత్తెమ్మ నోటినుంచీ ఒక్కసారే వచ్చింది ఆ మాట:

"ఎందుకడుగుతున్నారండీ?"