బరువు చూసి కొన్న బొగ్గు

సోలాపూర్‌లో మగ్గం ఇంట్లో పుట్టినవాడు దేన్నైనా ముందు అరచేతిలో వేసుకుని ఊపి చూస్తాడు. చద్దరైనా తువ్వాలైనా బరువుంటే మంచి సరుకు, తేలికైతే మోసం. పెళ్లిచూపుల్లో పెట్టిన లడ్డూను కూడా నేను అలాగే తూచానని నా భార్య ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఈ ఒక్క విద్య తప్ప నాకు వేరే విద్య రాదు. దాన్నే తీసుకెళ్లి బొగ్గు మీద చూపించాను.

కుమఠా నాకా దగ్గర నూలుకు రంగు వేసే ఓ కార్ఖానాలో నేను సూపర్‌వైజర్ని. అంటే చేతిలో ప్యాడ్, చెవి మీద పెన్ను, నోట్లో ఎప్పుడూ ఒక సలహా. అక్కడ బాయిలర్ చూసుకునే పెద్దాయనది తెలంగాణలో బొగ్గు గనుల ఊరు. వాళ్ల నాన్న గనిలోకి దిగాడు, ఈయనా కొన్నేళ్లు దిగాడు. గని మూతపడ్డాక, భార్య తరఫు వాళ్లున్నారని సోలాపూర్ వచ్చి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటున్నాడు. ఆమె బీడీలు చుడుతుంది. మాకు చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆయన్ని మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆ వరస అడ్డం పెట్టుకుని రోజూ నన్ను ఆడుకునేవాడు.

చాయ్ తాగేటప్పుడు వాళ్ల ఊరి సంగతి చెప్పేవాడు. "గని బందయినంక ఫస్టు చాయ్ హోటల్ పోయింది అల్లుడా. తర్వాత మంగలి షాపు. పిల్లలు లేరని ఆఖరికి బడి గూడ ఎత్తేసిండ్రు. ఊరంత బొగ్గు మీదనే బతికిందని మాకు అప్పటిదాక తెల్వలే."

"మా సోలాపూర్ నూలు మీద బతుకుతది మామా. మాకు బొగ్గుతోని ఏం పని?" అనేవాణ్ని నేను.

ఆ బొగ్గు కాగబెట్టిన నీళ్లలో రంగు పట్టిన నూలు మూట మీద కూర్చుని అన్న మాట అది. నా తెలివి అంతటిది.

మొన్న ఎండాకాలంలో మా యజమాని, మేమంతా మాలక్ అనే ఆయన, బంధువుల పెళ్లికి పోతూ బొగ్గు కొనే పని నాకు అప్పగించాడు. "మామను వెంట తీస్కపో" అని కూడా చెప్పాడు. నేను ఒక్కణ్నే వెళ్లాను. సూపర్‌వైజర్‌కు బాయిలర్ మనిషి నేర్పేదేముంటుంది? హోట్గి రోడ్డు దాటాక ఉన్న డిపోలో రెండు కుప్పలున్నాయి. ఒకటి నల్లగా మెరుస్తూ, చేతికి తేలిగ్గా ఉంది. రెండోది మసకగా, గట్టిగా, బరువుగా ఉంది. రెండు చేతుల్లో రెండు పెళ్లలు పట్టుకుని, కళ్లు మూసుకుని తూచి, బరువైనదే కావాలన్నాను. డిపో మనిషి "సాహెబ్‌కు మంచి నజర్ ఉంది" అని కుర్చీ తుడిచి చాయ్ తెప్పించాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. నేను రెండో చాయ్ కూడా తాగాను.

సరుకు దింపుతుండగా మామ ఒక పెళ్ల తీసుకుని నేలకేసి కొట్టాడు. అది పొరలు పొరలుగా విడిపోయింది.

"ఇది సగం రాయి అల్లుడా. రాయి ఉంటేనే గింత బరువుంటది, మంచి బొగ్గు తేలిగ్గుంటది. లారీ వాపస్ పంపు."

డ్రైవరు, హమాలీలు చూస్తున్నారు. వాళ్ల ముందు నేను తగ్గడమా? "నువ్వు తవ్వినోనివి మామా, నేను కొనేటోన్ని. కొనేటోని నజర్ వేరే ఉంటది" అన్నాను. మామ నన్ను ఒకసారి చూసి పార అందుకున్నాడు.

రెండు రోజులు ఆ మనిషి బాయిలర్‌తో కుస్తీ పట్టాడు. ప్రెషర్ ముల్లు సగం దగ్గరే ఆగిపోయింది. పొయ్యి అడుగున ఇనుప జాలీకి బూడిద గడ్డలు కట్టి అంటుకుంటే, గడ్డపారతో పొడిచి పొడిచి తీశాడు. నీళ్లు సరిగ్గా కాగక నీలం నూలు ఒకచోట ముదురుగా, ఇంకోచోట వెలిసినట్టు వచ్చింది. మూడో రోజు బాయిలర్ ఆపేశాం. రంగు నూలు అందక చుట్టుపక్కల మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కండెలు చుట్టే ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పకుండానే ఇళ్లకు వెళ్లిపోయారు. చాయ్ బండివాడు మధ్యాహ్నానికే స్టవ్ ఆర్పేశాడు. చప్పుడు లేని ఆ సందులో నడుస్తుంటే నాకు నిజంగా భయమేసింది.

మాలక్ పెళ్లి నుంచి నేరుగా బాయిలర్ దగ్గరికే వచ్చాడు. "కాయ్ ఝాలం?" ఏమైందని మరాఠీలోనే మామను నిలదీశాడు. "బొగ్గు తెలిసినోనివి గదా, నువ్వుండంగ గీ రాళ్లు ఎట్ల దిగినయ్?"

మామ నా వైపు చూశాడు. నేను ప్యాడ్ వైపు చూశాను. అందులో ఏమీ రాసి లేదు, అయినా శ్రద్ధగా చదివాను. రేపటి నుంచి రావద్దని మాలక్ అంటే, మామ చేతులు కడుక్కుని, డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మాలక్ ఎంత అన్యాయం చేశాడో ఇంటికెళ్లి నా భార్యకు ఆవేశంగా చెప్పాను. "బొగ్గు ఎవరు కొన్నరు?" అని అడిగిందామె. నేను కంచం ముందు నుంచి లేచాను. నిజం చెబుదామని రోజూ మాలక్ ముందుకు వెళ్లేవాణ్ని, "ఎండలు ముదిరినయ్ మాలక్" అని చెప్పి తిరిగొచ్చేవాణ్ని. అలా నాలుగు రోజులు ఎండల గురించే చెప్పాను. ఐదో రోజు అసలు సంగతి కక్కేశాను. మాలక్ తెలుగులో సగం, మరాఠీలో సగం తిట్టాడు. దురదృష్టం, నాకు రెండూ బాగా వచ్చు. చివరికి "పో, పోయి ఆయన్ని తోల్కరా" అన్నాడు.

విడీ ఘర్కుల్‌లో మామ గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంటున్నాడు. పార పట్టిన ఆ వేళ్ల కింద ఆకు చిరిగిపోతోంది. చిరిగినవి ఆయన భార్య పక్కకు తీసి పెడుతోంది.

"తప్పు నాది మామా. మాలక్‌కు చెప్పిన. పనికి రా" అన్నాను.

"ఇన్ని రోజులు నోట్ల ఏం పెట్టుకున్నవ్ బిడ్డా?" అందామె, చాట మీద నుంచి తలెత్తకుండానే. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. మామ లేచి చొక్కా వేసుకున్నాడు.

మంచి బొగ్గు వచ్చింది, మగ్గాలు తిరిగాయి. మాలక్ నాతో వారం రోజులు ఆ పాత కుప్పలోంచి రాళ్లు ఏరించాడు. కార్ఖానా అంతా నిలబడి చూసి నవ్వింది. నవ్వితే నవ్వారు, దానికి నేనేం బాధపడలేదు.

ఇప్పుడు లారీ వచ్చినప్పుడల్లా ముందు పరుగెత్తేది నేనే. ఒక పెళ్ల తెచ్చి మామ చేతిలో పెట్టి "జర చూడు మామా, ఎట్లుంది?" అని అడుగుతాను. మాలక్ అడిగితే పగలగొట్టి, వాసన చూసి, అంతా వివరంగా చెబుతాడు. నేను అడిగితే మాత్రం దాన్ని చూడకుండానే తిరిగి కుప్ప మీద పెట్టేస్తాడు.

"మీరెట్లంటే అట్లనే, సార్" అంటాడు.