లేదనదు, ఇవ్వననదు

మా పిన్ని పిల్లల క్లినిక్‌లో ఇరవై ఆరేళ్ళుగా టీకా కార్డుల కౌంటరు చూస్తోంది. వెనక గోడంతా చెక్క అరలు, అరల నిండా నీలం అట్టల కార్డులు. పేరు చెబితే చాలు, కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి వెనక్కి చాచి సరైన కార్డు లాగేది. మీసాలొచ్చిన మగవాళ్ళను వీధిలో చూపించి, "వీడు సూది చూసి బల్ల కింద దూరినవాడు" అంటుంది ఇప్పటికీ.

పోయిన ఏడాది ఆ కార్డులన్నీ వెబ్‌సైటులోకి మారాయి. దాన్ని తయారు చేస్తున్న ప్రోగ్రామరమ్మాయి, అందరికీ తెరిచే ముందు వాడి చూడడానికి ఒక మనిషి కావాలని అడిగితే, డాక్టరుగారు పిన్నిని చూపించారు.

"నాకేం వచ్చమ్మా కంప్యూటరు?"

"అందుకే మీరు కావాలి ఆంటీ. వచ్చినవాళ్ళకి తప్పులు చెయ్యడం సరిగ్గా రాదు."

పిన్ని ఆ ఉద్యోగాన్ని మనసుపెట్టి చేసింది. వెబ్ చిరునామాలో ఒక అక్షరం మింగేసేది, మధ్యలో ఖాళీ వదిలేది, పాప నంబరు ఉండాల్సిన చోట "టమాటాలు" అని కొట్టేది. టమాటాలకు స్క్రీన్ నిండా ప్రోగ్రాం లైన్లు, ఫైళ్ళ పేర్లు దిగాయి.

"అడ్రసు తప్పు చెప్పినవాడి చేతిలో ఇంటి ప్లాను పెడతామా అమ్మాయ్?" అంది పిన్ని. ఆ పిల్ల నాలుక కరుచుకుని, ఆ లైన్లు బయటివాళ్ళకు కనబడకుండా చేసింది.

అసలు చిక్కు నాలుగో రోజు వచ్చింది. ఒక్కో కార్డు చిరునామా చివర ఆ బిడ్డ జనన నమోదు నంబరు ఉంటుంది. పిన్ని తన లాగిన్‌లో లేని బిడ్డ నంబరు కొడితే "చూడడానికి మీకు అనుమతి లేదు" అని వచ్చింది. ఊహించి ఇంకో నంబరు కొడితే "మీరు అడిగిన పేజీ లేదు" అని వచ్చింది.

"రెండూ వేరు ఆంటీ," అంది ప్రోగ్రామరమ్మాయి గర్వంగా. "నాలుగు వందల మూడో నంబరు తప్పు అంటే, ఉంది కానీ మీకు చూపించం. నాలుగు వందల నాలుగు అంటే, అసలు లేదు."

పిన్ని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఉంది కానీ చూపించం అన్నావంటే, ఆ బిడ్డ ఇక్కడే ఉందని చెప్పేసినట్టేగా?"

అప్పుడు చెప్పింది పాత సంగతి. చాలా ఏళ్ళ కిందట, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు వచ్చి, ఫలానా పాప కార్డు ఇక్కడుందా అని మర్యాదగానే అడిగాడు. ఆ పాప తల్లి అతని చేతుల్లో దెబ్బలు తిని, చెప్పకుండా బిడ్డను తీసుకుని వచ్చి ఆ పక్క వీధిలోనే ఉంటోంది. కార్డు పిన్ని వీపు వెనకే ఉంది. ఇవ్వకూడదండీ అంటే చాలు, అతనికి కావాల్సింది దొరికినట్టే. "ఈ వివరాలతో నేనేమీ చెప్పలేనండి" అంది పిన్ని. అతను ఇంకో క్లినిక్ వెతుక్కుంటూ పోయాడు. కార్డు ఉన్నా లేకపోయినా, ఆ రోజు నుంచి కౌంటరు దగ్గర అదే వాక్యం, అదే ముఖం.

ఆ సాయంత్రమే రెండు తప్పులకూ ఒకటే జవాబు అయింది: "మీరు అడిగిన పేజీ లేదు."

వెబ్‌సైటు అందరికీ తెరిచాక, ఆ జవాబు మొదట తగిలింది నాకే.

మా పాపకు పద్నాలుగు నెలలు. క్లినిక్ ఎదురుగా ఉన్న క్రెష్‌లో ఒకే ఒక్క సీటు మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల టీకాల కాగితం చూపించకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. మా ఆవిడ పరీక్ష హాల్లో డ్యూటీలో ఉంది, ఫోను లాకర్లో. పదిన్నరకు, ఆవిడ ఎప్పుడో పంపిన పాప కార్డు చిరునామా తెరిచాను. పేజీ లేదు.

పాప నిద్రలో తుమ్మితే టైము రాసుకునే రకం నేను. కార్డు పోయింది, టీకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వేయిస్తారు అనుకున్నాను. చదివింది కెమిస్ట్రీ కాబట్టి, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూశాను. బ్రౌజరు మార్చాను. ఫోను ఆపి మళ్ళీ వేశాను. చివరి అంకె మార్చి మార్చి ఏడు సార్లు కొట్టాను. అన్నిటికీ అదే జవాబు. పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, పాప కార్డు పోయింది!"

"లాగిన్ ఎవరిదిరా?"

"నాదే. పోయిన వారమే చేసుకున్నా."

"పాపని దానికి జత చేశారా?"

"జత చెయ్యడమేంటి? నేను దాని నాన్నని!"

"ఆ ముక్క నాకు తెలుసు. కంప్యూటరుకి ఎవరు చెప్పారు?"

"పోనీ కార్డు ఉందో లేదో నువ్వు చూసి చెప్పొచ్చుగా?"

పిన్ని గొంతు మారింది. "ఈ వివరాలతో నేనేమీ చెప్పలేనండి."

"నాకు అండీనా!"

"పాపని, నీ గుర్తింపు కార్డుని పట్టుకుని రా. దార్లో దొరికితే బుర్ర కూడా తెచ్చుకో."

పదకొండూ ఇరవైకి కౌంటరు ముందు నిలబడ్డాను. పిన్ని చెయ్యి చాచింది. "కార్డు."

"నన్ను ఎత్తుకుని పెంచావు పిన్నీ!"

"పెంచానులే. కార్డివ్వు."

పాప పుట్టినప్పుడు నేనూ మా ఆవిడా సంతకాలు చేసిన కాగితం తీసి, నా చేత మళ్ళీ సంతకం పెట్టించింది. రెండూ పక్కపక్కన పెట్టి, కళ్ళు చిట్లించి చూసింది. "దీనికి తోక ఉంది. దానికి లేదే?"

"అప్పటికి రెండు రోజులుగా నిద్ర లేదు పిన్నీ."

"మొత్తానికి తోక ఇప్పుడొచ్చిందన్నమాట," అంటూ నా లాగిన్‌కు పాపను జత చేసింది. పేజీ తెరుచుకుంది. టీకాలన్నీ తేదీలతో సహా వరసగా ఉన్నాయి. ప్రింటరు చప్పుడు వినగానే పాపకు సూది వేసే గది గుర్తొచ్చి ఆరున్నొక్క రాగం అందుకుంది. కాగితం చేత్తో పట్టుకుని, పాపను చంకలో పెట్టుకుని రోడ్డు దాటాను. పన్నెండుకు పది నిమిషాలుండగా సీటు మాదైంది.

మర్నాడు ఆ పేజీ మాట మారింది. పిన్నే చెప్పి రాయించిందట: "ఈ చిరునామాలో మీకు చూపించగలిగింది ఏమీ లేదు. చిరునామా తప్పయినా, బిడ్డను మీ లాగిన్‌కు జత చేయకపోయినా ఇదే కనిపిస్తుంది. కంగారు పడకండి, కౌంటరుకు ఫోన్ చేయండి."

సాయంత్రం మా ఇంటికొచ్చి పాపను ఒళ్ళో వేసుకుంటూ అంది: "నిన్న పదిన్నరకి ఎవడో ఒకే లాగిన్‌తో ఏడుగురు పిల్లల నంబర్లు కొట్టాడట. ఎవరో దొంగ దూరుతున్నాడని ఆ ప్రోగ్రామరమ్మాయి హడలి చచ్చింది. నీకేమైనా తెలుసా?"

"ఈ వివరాలతో నేనేమీ చెప్పలేనండి," అన్నాను.