గోడ ఖాలా కొన్న ఖాళీ ఇళ్ళు

అందరికీ పిన్నమ్మ వరసైన గోడ ఖాలా తన ఇళ్ళను జిన్నులకు అద్దెకిస్తుందని, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పేటలో ప్రతి పిల్లకూ పాలపళ్ళు ఊడకముందే తెలుసు. మనుషులైతే గోడలకు మేకులు కొడతారు, నీళ్ళు రావడం లేదని పేచీ పెడతారు. జిన్నులకు ఆ బెడద లేదు. అందుకే ఆవిడ ఇల్లు కొనేముందు గోడకు చెవి ఆనించి, వేలి కణుపుతో మూడుసార్లు టక్ టక్ టక్‌మని కొట్టి, లోపలున్నవాళ్ళకు ఇల్లు నచ్చిందో లేదో కనుక్కుంటుందట. నచ్చితే బయానా, లేకపోతే సలాం.

అద్దె మాట దేవుడికెరుక గానీ, గోడ కొట్టే మాట మాత్రం నిజం. ఎండాకాలంలో కూడా చలి పుట్టించే మనిషి ఆవిడ. డెబ్బై ఏళ్ళు, నల్లటి బురఖా, మడిచి నిలబెట్టిన గొడుగంత సన్నం. నడిస్తే చప్పుడుండదు. చనిపోయిన భర్త పడవలు అమ్మగా వచ్చిన సొమ్ముతో పన్నెండేళ్ళలో ఒకే వీధిలో నాలుగిళ్ళు కొంది. ఒక్కదాంట్లోనూ మనిషిని దించలేదు. నాలుగు తలుపులకూ నాలుగు తాళాలు. ఉప్పుగాలికి ఆ తాళాలు తుప్పుపట్టి తలుపుల్లో కలిసిపోయాయి.

మొదట్లో ఇళ్ళ బ్రోకరు ఆవిణ్ణి మామూలు బేరమనుకున్నాడు. చలవరాయి పరిచిన కొత్త ఇల్లు, మూడు బాల్కనీలు, సముద్రం ఎదురుగా. ఖాలా గోడ కొట్టింది, చెవి పెట్టింది.

"ఈ గోడ పలకడం లేదు. వద్దు."

రెండోసారి గబ్బిలాలు వేలాడే కొంపకు తీసుకెళ్ళాడు, అదీ దారిలో పడిందని. ఖాలా గోడ కొట్టింది. చాలాసేపు విన్నది.

"ఉన్నారు. కొంటాను."

"ఎవరున్నారమ్మగారూ?"

"నలుగురు. ఒకరికి దగ్గు."

బ్రోకరుకు మూడురోజులు జ్వరం. లేచాక మాత్రం తెలివిమీరాడు. ఆవిడకు ఇల్లు పొగడాల్సిన తీరు వేరని పట్టేశాడు. "అమ్మగారూ, ఇది మీకోసమే కట్టినట్టుంది. పైకప్పు కారుతుంది, ఎండ రాదు, పగలే దీపం పెట్టుకోవాలి," అని ఊరించేవాడు.

ఆవిడ మేనల్లుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "అత్తా, ఆ డబ్బు బీచి దగ్గర ఫ్లాట్లలో పెట్టుంటే ఈపాటికి రెండింతలయ్యేది."

"రెండింతలైన డబ్బు దగ్గుతుందా?"

"డబ్బు దగ్గడమేంటత్తా?"

"అదే మరి. నాకెందుకది?"

మధ్యాహ్నపు నమాజు అయ్యాక వీధి సద్దుమణుగుతుంది. అప్పుడు వినాలి. తాళం వేసిన ఇళ్ళ లోపల అడుగులు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. కుట్టుమిషను గరగర. ఉన్నట్టుండి పదిమంది గొంతులు కలిపి ఏదో ఒకే ఊపున వల్లిస్తాయి. ఒకచోట తప్పి, గప్‌చుప్‌మని ఆగి, మళ్ళీ మొదటికొస్తాయి. మాంసం కొట్టువాడు ఆ వేళకు కత్తి కింద పెట్టేసేవాడు.

ఖాలా ఇళ్ళల్లో పనిచేసే ముసలి మేస్త్రీని అతను ఒకసారి నిలదీశాడు. "పెరటి దారిన దూరి లోపలేం పని చేస్తావయ్యా?"

"వాళ్ళకి దారి చేస్తున్నా."

"జిన్నులకి దారెందుకు? గోడల్లోంచి పోతాయిగా."

"కొందరికి మోకాళ్ళ నొప్పులు," అని మేస్త్రీ తాపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

పెద్దలు కలిసి ఇమాంగారి దగ్గరకు పోతే ఆయన గడ్డం చాటున నవ్వులాంటిదేదో మింగి, "ఎవరినీ ఇబ్బంది పెట్టనివాళ్ళు ఇరుగుపొరుగైతే అదృష్టమే," అన్నాడు.

నాలుగో ఇంటికీ దర్జీ అద్దెకున్న ఇంటికీ ఒకటే గోడ. అది దర్జీ కూతురి వంటింటి గోడ.

ఆ పిల్లకు పదహారేళ్ళు. తల్లి పోయినప్పుడు తొమ్మిదో తరగతి. బడి చేపలబజారుకు అవతల. తోడు వెళ్ళే ఆడమనిషి లేదు. తండ్రి దుకాణం వదిలితే పొయ్యి వెలగదు. పైగా పిల్ల ఒంటరిగా గడప దాటదని చనిపోతున్న భార్యకు మాటిచ్చాడు. అలా బడి ఆగింది. పుస్తకాలు బియ్యపు డబ్బా వెనక చేరాయి. పొద్దుట తండ్రి వెళ్ళింది మొదలు సాయంత్రం వచ్చేదాకా ఆ పిల్ల పలకరించేది పిల్లిని. పిల్లి కూడా రోజూ రాదు.

ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే గోడ మోగింది. టక్ టక్ టక్.

ఆ పిల్ల చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఉప్పు ఊరిన గోడ మీద చెమటలాంటి తడి. ఆ తడి వెనక, ఊపిరి పీల్చినట్టు సన్నటి చప్పుడు. తర్వాత దగ్గు.

మర్నాడూ అదే వేళ. ఆ మర్నాడూ అంతే. తండ్రికి చెప్తే ఇల్లు మారదామంటాడు, మారడానికి ఇంకో ఇల్లు దొరకదు. అందుకని చెప్పలేదు. పద్నాలుగు రోజులు దుప్పటి ముసుగేసుకుని విన్నది. పదిహేనోరోజు పిల్లి కూడా రాలేదు. ఆ పిల్ల లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడను తిరిగి కొట్టింది.

గోడ అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం. మూడు రోజులు ఏ చప్పుడూ లేదు. పలికే గోడ కన్నా పలకని గోడే ఎక్కువ భయపెట్టింది.

నాలుగోరోజు ఇంటి యజమాని ఇల్లు అమ్ముతున్నాడన్న కబురూ, బ్రోకరూ, వెనక చప్పుడు లేకుండా గోడ ఖాలా, ముగ్గురూ ఒక్కసారే గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ కొన్న ఇంట్లో మనుషులు మిగలరు.

"చూడండమ్మగారూ, ఎంత చక్కగా పాడైందో," అన్నాడు బ్రోకరు.

ఖాలా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గోడ కొట్టింది. టక్ టక్ టక్.

గోడ అవతలి నుంచి జవాబొచ్చింది. టక్ టక్ టక్. వెంటనే ఖళ్ళుమని దగ్గు.

బ్రోకరు లేడు. గుమ్మం దగ్గర చెప్పులు మాత్రం ఉన్నాయి.

ఖాలా పిల్ల వంక తిరిగింది. "మొన్న కొట్టింది నువ్వేనా?"

పిల్ల తలూపింది.

"మూడు కొడితే నాలుగు కొట్టావట?"

"ఒకటి... భయానికి."

ఇంతలో దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఖాలా, ఇల్లు కొనుక్కోండి, కాదనను. ఆర్నెల్లు గడువివ్వండి చాలు. పిల్లతో ఎక్కడికని పోతాను?"

"నిన్నెవరు పొమ్మన్నారయ్యా?"

"మీ ఇళ్ళల్లో మనుషులుండరు కదా."

"అలాగా. నువ్వుండు. నాకీ వంటింటి గోడలో ఒక తలుపంత జాగా చాలు. అవతల ఆడవాళ్ళున్నారు. చదువు చెప్పే పంతులమ్మా ఉంది."

దర్జీ గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మాయి గడప దాటదు ఖాలా. దాని తల్లికి మాటిచ్చాను."

"దాటొద్దు. మాట తప్పడం పాపం. గోడ దాటమను. గోడ గురించి కూడా మాటిచ్చావా?"

దర్జీ టేపు మెడలోంచి తీశాడు. మడిచాడు. విప్పి మళ్ళీ వేసుకున్నాడు.

"లేదు," అన్నాడు.

నెల తిరిగేసరికి రిజిస్ట్రేషనైంది. మేస్త్రీ మొదటి ఇటుక లాగగానే చల్లటి ఉప్పుగాలి లోపలికొచ్చింది. ఆ చీకటి కంతలోంచి ఒక కన్ను పిల్లను చూసింది. ఆ కన్ను దగ్గింది.

"తొందరగా రా పిల్లా, లెక్కలు మొదలవుతున్నాయి," అన్నది. ఇమాంగారి భార్య ఆవిడ.

అవతల గదిలో పదకొండుమంది ఆడవాళ్ళు, రెండు కుట్టుమిషన్లు, ఒక నల్లబల్ల, మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని కుర్చీలో రిటైరైన పంతులమ్మ. జిన్నులు రోజూ తప్పేది పదమూడో ఎక్కంలో. ఆ గదిలోంచి ఇంకో గది, దాన్నుంచి ఎవరిదో వంటిల్లు, మళ్ళీ ఖాళీ ఇల్లు. ఇలా వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గోడల్లోంచే నడిచిపోవచ్చు.

"ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదా?" అని పిల్ల మెల్లగా అడిగింది.

"తలుపులన్నీ వంటిళ్ళల్లో ఉన్నాయమ్మా," అన్నది పంతులమ్మ. "ఈ వీధిలో మగవాడెవడైనా వంటింట్లోకి తొంగిచూస్తేగా."

ఖాలా అప్పటికే అవతలి గోడకు చెవి ఆనించి ఉంది. పిల్ల పక్కన వచ్చి నిలబడింది.

"గోడ ఎందుకు కొడతారు ఖాలా?"

"నేను కొత్తకోడలుగా వచ్చినప్పుడు మా గోడకవతల ఎవరో దగ్గేది. పదకొండేళ్ళు విన్నాను. ఎవరని అడగలేదు. ఆ మనిషి పోయాక తెలిసింది, నా ఈడేనట." ఆవిడ వేలి కణుపు గోడకు ఆనించింది. "నువ్వూ విను. నీవి లేత చెవులు, బాగా వినపడుతుంది."

టక్ టక్ టక్.

పేటలో ఇప్పటికీ అదే మాట. గోడ ఖాలావి ఐదిళ్ళు, దర్జీ ఉన్నది తప్ప నాలుగూ ఖాళీ, నాలుగింటికీ ముందు తాళాలు. ముందు తాళాలున్న మాట నిజమే. లోపలి గోడల్లో మాత్రం తొమ్మిది తలుపులున్నాయి. ఒక్కదానికీ గడియ లేదు.