తూకం మామ ప్రమాణం

మా దీవిలో సుయాక్ ఊరి చెరుకు ఎస్టేట్‌లో కాటా దగ్గర కూర్చునే ఆయన మా అమ్మకి వరసకి అన్న. నేను మామా అని పిలిచేదాన్ని. చిన్న రైతులు ఎద్దుబండ్ల మీద తెచ్చిన చెరుకుని ఆయన తూచి ఎంత బరువు చెబితే, మిల్లు అంతకే డబ్బు కట్టేది. శనివారం గుడిలో భజన ఎత్తుకునేదీ ఆయనే. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఒకే మనిషి మీద రెండూ ఎలా కలుగుతాయో నాకు అర్థం కాదు.

ఇంగ్లీషువాళ్ళ పాలన చివరి ఏళ్ళవి. మా అయ్య ఎస్టేట్ వాళ్ళ కొండవాలు చేను కౌలుకి తీసుకుని, రాళ్ళు ఏరి ఏరి చెరుకు వేశాడు. ఆ ఏడు కౌలు కట్టకపోతే చేను వెనక్కి పోతుంది. పంట బాగానే పండింది, కాటా ఎక్కేసరికి మాత్రం బరువు రావడం లేదు. ఒక వారం మా మిల్లు పాడై బండ్లన్నీ పక్క ఎస్టేట్‌కి వెళ్ళాయి. అదే బండి, అవే ఎద్దులు, అంతే చెరుకు. అక్కడ బాగా ఎక్కువ తూగింది.

"వోలేర్! దొంగ! మీ అన్న దొంగే!" అన్నాడు ఇంటికొచ్చి అమ్మతో.

అమ్మ ఊరుకోలేదు. "సొంత తమ్ముడి చెరుకు కూడా ఆ కాటా మీదే తూస్తున్నాడు కదయ్యా. వాడికీ తక్కువే వస్తోంది. తమ్ముణ్ణే దోచుకుంటాడా?"

అయినా అయ్య ఆగలేదు, సంగతి పెద్దల ముందు పెట్టాడు.

పోలీసుల దగ్గరికి వెళ్ళడం మావాళ్ళు ఎరగరు. కోడి పోయినా కొడవలి పోయినా అమ్మోరి గుడికే. పెద్దలు ఒక మాట అడుగుతారు, అనుమానం ఉన్నవాడు దీపాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. అబద్ధమాడితే వంశం ఆరిపోతుందని భయం. ఒకసారి, ఆవు కోసం ఎస్టేట్ చెరుకాకు కోసుకొచ్చిన ఒకావిడ దీపం దాకా వచ్చి ఒప్పేసుకుంది. ఊరంతా ఆవిడని దొంగ అన్నారు.

మామ తలస్నానం చేసి వచ్చాడు. కోడి దొంగని అడిగే మాటే పెద్దలు ఆయన్నీ అడిగారు.

"మీ బావ చెరుకులో ఒక్క గడైనా, దాని డబ్బులో చిల్లిగవ్వైనా నీ ఇంటికి తీసుకెళ్ళావా?"

"లేదు," అని దీపం మీద చెయ్యి పెట్టాడు. దీపం ఆరింది.

నింద వేసినందుకు అయ్య అందరి ముందూ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. కోతలయ్యాక చేను పోయింది. తను రాళ్ళు ఏరిన చేలోనే అయ్య ఎస్టేట్ కూలీగా చెరుకు నరికాడు. మామ మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా మాకు లేకుండా పోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, దుకాణాల మీద కొత్త జెండాలు ఇంకా దించకముందే, మామని చూడ్డానికి వెళ్ళాను. పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. అయ్య అప్పటికే పోయాడు. నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

"కాటాని అలా పెట్టించింది ఎస్టేట్ నడిపే దొర. నువ్వు చదివి చెప్పు చాలన్నాడు. మో పా తీ ప్రాన్ నాన్యే, అమ్మా. నేనేమీ తీసుకోలేదు. తమ్ముడికీ అదే తూకం చెప్పాను."

"తక్కువ తూగుతోందని తెలుసా?"

"తెలుసు."

"మరి దీపం?"

"తీసుకున్నావా అని అడిగారు. తక్కువ చెప్పావా అని అడిగుంటే చెయ్యి పెట్టేవాణ్ణి కాదు."

ఏమీ తీసుకోని మనిషిని దొంగ అంటారా? దొర కూడా మా గడ ఒక్కటీ ముట్టుకోలేదు. మిల్లు యజమానులెవరో మేం చూడనే లేదు. మరి చేను ఎవరు తీసుకున్నట్టు? "వస్తాను మామా," అని లేచి, అలవాటు కొద్దీ వంగి ఆయనకి దండం పెట్టాను. అవి మా అయ్య పట్టుకున్న కాళ్ళని వంగాకే గుర్తొచ్చింది.