నిచ్చెన మీద ఎవరున్నారు?

ఆదయ్య పంతులుకు మనుషుల మీద కోపం రాదు, పశువుల మీద రాదు. వచ్చే కోపమంతా లెక్కల పుస్తకం మీదే. అదీ పుస్తకమంతటి మీద కాదు, కాల్‌క్యులస్‌లో ఒక్క అధ్యాయం మీద. ఒకటి ఇంత వేగంతో మారుతుంటే దానికి ముడిపడిన రెండోది ఎంత వేగంతో మారుతుంది అని అడిగే అధ్యాయమది. ఆ పేజీ తెరిచారంటే పంతులింటి కప్పు మీద కాకి వాలేది కాదు.

"గోడకు నిచ్చెన ఆనించి ఉన్నది. దాని అడుగు కొస గోడకు దూరంగా జారుతున్నది. పై కొస ఎంత వేగంతో కిందికొస్తది?" అని పాఠానికొచ్చిన లతీఫా చదివింది.

"ఆగు బిడ్డా. నిచ్చెన మీద ఎవరున్నరు?"

"రాయలేదు సార్."

"ఎందుకు రాయలే? మనిషి పని లేకుంట నిచ్చెన దానంతటదే గోడెక్కుతదా? పైన సున్నమేసెటోడు ఉండి ఉంటడు. వాడు పడుతుండు! ఈ రాసినాయన కిందుండి గడియారం చూస్తుండు! ఉరికి పోయి పట్టుకోవాలెనన్న సోయి లేదు. ఏం మనిషమ్మా ఈయన?"

"పడనీయండి సార్, జర లెక్క చెప్పండి!"

"పడనీయాల్నా? నువ్వు గూడ ఆయన దిక్కేనా?"

తొట్టి లెక్కయినా ఇదే తంతు. పైనుంచి నీళ్లు పోస్తుంటే కింద కారుతుంది, మట్టం ఎంత వేగంతో పెరుగుతుంది అంటుంది పుస్తకం. "ఓటి తొట్టి కట్టిన గుత్తేదారును ఇడిసిపెట్టి పిల్లను లెక్కడుగుతరా?" అని పంతులు చాప మీంచి లేచి నిలబడేవాడు. దీపస్తంభం కింద నడిచే మనిషి నీడ లెక్కకైతే ఏకంగా చెప్పులేసుకుని తాసీలు కచేరీకి బయలుదేరాడు. "మొన్నటిదాక మధ్యప్రదేశ్ అన్నరు. ఇప్పుడు బొంబాయి రాష్ట్రమన్నరు. రాష్ట్రాలు మారె. మన సిరొంచ ఊర్ల దీపస్తంభం మటుకు రాకపాయె. దీపమే లేని ఊరి పిల్లకు నీడ ఎంత పొడుగు పెరుగుతదో ఎట్ల తెలుస్తది? ముందు స్తంభం పాతుండ్రి, తర్వాత పరీక్ష పెట్టుండ్రి!" కచేరీ గుమాస్తా చాయ్ తాగించి పంపించాడు. స్తంభం మాత్రం పాతలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ లతీఫాకు ఒళ్లు మండిపోయేది. ఆమె ఆడపిల్లల బడిలో పాఠం చెబుతుంది. పిల్లలు లతీఫా బాయీ అంటారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి ఆ ఏడు హుకుం జారీ చేశాడు. ఏడో తరగతి చెప్పే ఆడమనిషి ఇంటర్ పాసై ఉండాలట, లేకపోతే ఏడో తరగతి మూసేస్తారట. మగపిల్లల బడిలో కలిపేస్తే తల్లిదండ్రులు పంపరు, ఆ పిల్లలు ఇంట్లో అంట్లు తోముకుంటూ కూర్చుంటారు. ఈ సంగతి ఆ అధికారికి తెలియక కాదు. ఆయన కూతురు నాగపూర్ కాన్వెంటులో చదువుతోంది. లతీఫా ప్రైవేటుగా ఒకసారి పరీక్ష రాసి లెక్కల్లో తప్పింది. సరిగ్గా ఈ అధ్యాయంలోనే. ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఊళ్లో బీఎస్సీ చదివినవాడు ఆదయ్య పంతులొక్కడే. ఆయనేమో నిచ్చెన మీద సున్నమేసేవాడి బాగోగుల్లో ఉన్నాడు.

ఒకనాడు పంతులుకు నిచ్చెన సంగతి కళ్లారా చూపించాలనిపించింది. పశువుల కొట్టానికి ఆనించిన నిచ్చెన అడుగును రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగసాగాడు. "చూడు బిడ్డా, అడుగు కొస నేను ఒక్క తీరుగనే లాగుతున్న. పై కొస చూడు, ముందు మెల్లగ దిగె, ఇప్పుడు జోరందుకునె. చూసినవా?"

కప్పు మీంచి కేక వినిపించింది. "ఓ దేవుడా! నేను పైనున్న!"

సొరకాయ కోయడానికెక్కిన పంతులు భార్య లింగక్క, దిగడానికి కాలు చాపి నిచ్చెన అందక, చూరు పట్టుకుని వేలాడుతోంది.

"విన్నవా లతీఫా?" పంతులు ముఖం వెలిగిపోయింది. "నేను ఎప్పటిసంది అడుగుతున్న, పైన ఎవరున్నరని! ఈ పుస్తకం రాసినాయన ఒక్కనాడన్న అడిగిండా?"

"ఆయన సంగతి తర్వాత! ముందు నిచ్చెన పెట్టు, నీ నోట్ల మన్నువడ!" అంది లింగక్క. దిగాక సొరకాయ ఆయన వీపుకు తగిలింది. ఆ దెబ్బ ఎంత వేగంతో వచ్చిందో మాత్రం ఆయన లెక్కకట్టలేదు.

పరీక్ష దగ్గరపడింది. లతీఫా నిచ్చెన లెక్క తానే చేస్తానని పట్టుపట్టింది. నిచ్చెన పొడవు పదమూడడుగులు. అడుగు కొస గోడకు ఐదడుగుల దూరాన ఉన్నప్పుడు పై కొస వేగమెంత? ఆమె మొదటి వరుసలోనే ఐదు వేసింది, ఎత్తు పన్నెండని కట్టింది, ఆ తర్వాత వేగం కట్టింది. సున్న వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ సున్న. నిచ్చెన కదలనంటోంది. పోయిన పరీక్షలోనూ ఇదే సున్న. లతీఫా కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు రాదు సార్. నా బుర్రే గంత."

పంతులు పుస్తకాన్ని లాక్కుని చాప మీద దబ్బున కొట్టాడు. "వీని తెలివి తెల్లారిపోను! ఐదడుగులని మొదలే ఎందుకు చెప్పిండు? ఆఖరికి కావలసింది ముందుగల్ల చేతిల పెడితే పిల్ల వాడదా? ఐదని రాసినవంటే నిచ్చెనకు మేకు కొట్టినట్టే. మేకు కొట్టినంక ఎట్ల జారుతది? పైన మనిషున్నడు బిడ్డా, నిచ్చెన కదులుతున్నది. వాణ్ని పడనియ్యి. దూరమెంతో ఎత్తెంతో అంకె చెప్పకు, రెంటికీ పేర్లు పెట్టి ముడెయ్యి. రెంటినీ కదలనియ్యి. వేగాలు కట్టు. అంకెలను ఆఖరికి పిలువు. పిలవని పేరంటానికి ముందుగాల వచ్చిన చుట్టాలను ఏం చేస్తరు? అరుగు మీద కూసోబెడతరు!"

లతీఫాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. లెక్క వచ్చిందో లేదో చూసుకునేలోపు పంతులు రచయిత ఏడు తరాలనూ దులిపేశాడు.

పరీక్ష జిల్లా కేంద్రం చాందాలో. అహేరి మీదుగా, ఆష్టి దగ్గర వైన్‌గంగ దాటి పోవాలి. తల్లి అఖ్తర్ బీ తోడు బయలుదేరింది. చాందాలో తనకూ పనుందని పంతులు గొడుగు పట్టుకుని బస్సెక్కాడు. ఏం పనో అడిగితే పుస్తకాల దుకాణంవాడితో తగాదా ఉందన్నాడు.

ప్రశ్నల కాగితంలో నిచ్చెన రాలేదు. పడవ వచ్చింది. ఎత్తైన ఒడ్డు మీద నిలబడి ఒకడు తాడు గుంజుతున్నాడు. తాడు ఇంత వేగంతో తగ్గుతుంటే పడవ ఎంత వేగంతో ఒడ్డుకొస్తుంది? లతీఫా కలం తాడు పొడవు అంకె మీదికి పోయింది. అంతలో చెవిలో పంతులు గద్దింపు. పడవల ఎవరున్నరు? రేగుంట నుంచి కూరగాయల గంపతో వచ్చే యాదక్కను అందులో కూర్చోబెట్టింది. యాదక్క ఒడ్డుకు చేరాలి, మేకు కొట్టకూడదు. తాడుకొక పేరు, నీటి మీది దూరానికొక పేరు పెట్టింది. ఒడ్డు ఎత్తు మారదు. ముడివేసింది, కదలనిచ్చింది, ఆఖరున అంకెలను పిలిచింది. గుంజే తాడు కంటే పడవే వేగంగా వస్తోంది! తప్పేమోనని మళ్లీ చూసుకుంది. తప్పు కాదు. ఏటవాలు తాడు నీటి మీది దూరం కంటే పొడవు కదా. యాదక్క ఒడ్డెక్కింది.

బయటికొచ్చేసరికి తల్లి ఒక్కతే వేపచెట్టు కింద ఉంది. పంతులు చాయ్ తేవడానికి పోయాడు.

"ఎంతమందితో కొట్లాడిండమ్మా సారు?"

"కొట్లాటనా?" అఖ్తర్ బీ గొంతు తగ్గించింది. "నువ్వు లోపలికి పోయినకాడి నుంచి నోరిప్పితే ఒట్టు. ఒక సైకిలోడు వచ్చి గొడుగు ఇరగ్గొట్టిండు. 'పర్వాలే తమ్మీ' అన్నడు! నాకే పరేషానై అడిగిన. అన్నా, ఇంటికాడ పుస్తకాన్ని గన్ని తిడతవు, ఇయ్యాల ఏమైంది అని."

"ఏమన్నరు?"

"'లెక్క రాకపోతే ఆడపిల్ల తప్పంత తన మీదనే ఏసుకుంటది చెల్లె. పుట్టినప్పటిసంది అదే నేర్పిండ్రు గద. నేను ఆ తప్పు తీసి పుస్తకం మీదేస్త. దానికి గట్టి అట్ట ఉన్నది, మోస్తది' అన్నడు. ఆ పుస్తకం అసలు బంగారమట బేటీ. మూడుసార్లు అట్ట ఏసుకున్నడట."

తనకు వచ్చిన లెక్కల మీద పంతులు ఒక్కనాడూ గొడవ పడలేదని లతీఫాకు అప్పుడు తట్టింది. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడే, ఆ వరుస మీదే, ఆయనకు కోపం పొంగుకొచ్చేది.

వానలు మొదలయ్యాక బస్సు డ్రైవరు యూసుఫ్ నాగపూర్ పేపరు తెచ్చాడు. లతీఫా నంబరుంది. పాసైంది, ఏడో తరగతి నిలిచింది. బస్టాండులో నలుగురూ మూగారు. నంబరు మాత్రం మూడో వరుసలో, థర్డ్ క్లాసులో ఉంది. లతీఫా తల కొద్దిగా వంగింది.

వంగడమే ఆలస్యం.

"థర్డా?" పంతులు పేపరు లాక్కున్నాడు. "ఎవడు దిద్దిండు? కళ్లద్దాలున్నయా వానికి? దినమంత బడిల పాఠం చెప్పి, బుడ్డి దీపం కింద చదివిన పిల్లకు థర్డ్ ఇస్తడా? ఆ దిద్దినోణ్ని తీసుకొచ్చి సిరొంచల ఒక్క నెల కూసోబెట్టుండ్రి! బస్సుల చోటున్నదా యూసుఫ్? నేనిప్పుడే నాగపూర్ పోత!"

యూసుఫ్ బిత్తరపోయాడు. "పాసైంది గద పంతులూ! ఇంక ఎవరి మీద గింత కోపం?" అంటూ ఇంజను మీట మీద చెయ్యి వేశాడు.

"జర ఆగు అన్నా, బండి చప్పుడు చెయ్యకు," అంది లతీఫా, తలెత్తి నవ్వుతూ. "సారు నాకు ముబారక్ చెప్తున్నరు."