చవితి చంద్రుడికి అడ్డం పట్టిన గొడుగు

వినాయక చవితి సాయంత్రం మా బెంగుళూరు పేటలో పిల్లలు గుంపుగా ఇల్లిల్లూ తిరుగుతారు. గడప ముందు నిలబడి "గణపతి కూర్సిదీరా?" అని కన్నడంలో అరిస్తే, వినాయకుణ్ణి కూర్చోబెట్టిన ఇంటివాళ్లు లోపలికి పిలుస్తారు. బొమ్మ మీద నాలుగు అక్షింతలు చల్లి, చేతిలో పెట్టిన ఉండ్రాళ్లు, గుగ్గిళ్లు తిని పక్కింటికి పరుగు తీయాలి. మా భక్తి ఎంతో ఆ దేవుడికి బాగా తెలుసు.

అవి యుద్ధపు రోజులు. వీధిదీపాలకు నల్లరంగు పూశారు. దండు వైపు, అంటే కంటోన్మెంటుకు, వెళ్లే మిలిటరీ లారీలు మా వీధిలోంచే పోయేవి. పక్కన మూతలేని మురుగు మోరీ. ఇన్ని ఉండగా మా తాతకు కనిపించిన ప్రమాదం ఒక్కటే, ఆకాశంలో చంద్రుడు. చవితినాడు ఆయన్ని చూస్తే చేయని తప్పుకు నింద మోయాల్సి వస్తుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం.

అందుకని ఆ ఏడు పిల్లల రక్షణ తాతే నెత్తిన వేసుకున్నాడు. పెద్ద నల్ల గొడుగు విప్పి మమ్మల్నందరినీ దాని కింద కుక్కాడు. గుంపులో నేనే పెద్దదాన్ని, మా తమ్ముడు అందరికన్నా చిన్న.

"ఎవురూ తలకాయ ఎత్తకూడదు. నేనుండాను కదప్పా, మీకేం భయం?"

వాన చినుకన్నా లేదు. ఎదురొచ్చినవాళ్లు నవ్వుకుంటుంటే నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పైగా గొడుగు ఎటు వంచాలో తెలియాలంటే చంద్రుడు ఎక్కడున్నాడో తెలియాలి కదా! తాత మాటిమాటికీ మెడ చాచి చూసి, "ఆ పక్క ఉండాడు!" అని మమ్మల్ని ఈ పక్కకు నెట్టేవాడు.

"నువ్వు చూస్తే ఏం కాదా తాతా?" అన్నాను.

"ముసిలోణ్ణి, నన్నెవురు ఏమంటారు?"

మలుపు దగ్గర తమ్ముడి చేతిలోని ఉండ్రం జారి నడిరోడ్డు మీదికి దొర్లింది. వాడు బుద్ధిమంతుడు. తల ఎత్తకుండానే దాని వెంట వెళ్లాడు. లారీ చప్పుడు విని నేను తల ఎత్తాను. గుడ్డిదీపాలతో లారీ, దాని పైన సన్నటి చంద్రుడు. ఒక్క ఉరుకున వెళ్లి తమ్ముడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం రోడ్డు పక్కన పడ్డాం. లారీ హారను కొడుతూ ఆగకుండా పోయింది. వాడి గుండె నా చేతి కింద దడదడ కొట్టుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

తాత అప్పటికీ ఆకాశంలోనే ఉన్నాడు. లారీ హారనుకు ఉలిక్కిపడి వెనక్కి అడుగేసి, గొడుగుతో సహా మోరీలో దిగాడు.

ఇంట్లో అవ్వ ఆయన కాళ్ల మీద నీళ్లు పోస్తూ "ఎట్ల పడితివి?" అంది.

"ఈ పిల్ల నూకింది. వద్దు వద్దంటే చంద్రుణ్ణి చూసింది."

నేను తోయలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చంద్రుణ్ణి చూశావా లేదా అన్నారు. చూశాను. ఆ ఒక్క ముక్కతో విచారణ ముగిసింది. చేయని తప్పుకు నింద పడుతుందని తాత చెప్పింది అక్షరాలా నిజం. ఆ నింద వేసే పని కూడా ఆయనే చూసుకున్నాడు.

నింద పడితే పడిందిలే అనుకోవచ్చు. కానీ మరుసటి ఏడు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తమ్ముణ్ణి తాతకే అప్పజెప్పారు. గొడుగు కూడా కొత్తది. వాడు గడప దాటుతుంటే చెవిలో చెప్పాను.

"తాత ఏం జెప్పినా సరే, నువ్వు తలకాయెత్తి నడువు."